రెండు పొట్టివి, ఒక పొడుగు

నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. సర్కారు కొలువుల్లో అరవై దాటాక శాలువా కప్పి పంపిస్తారు. నన్ను ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ వాడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి పంపించాడు. శాలువా లేదు కానీ, చివర్లో దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టాడు. కాబట్టి ఉద్యోగ జ్ఞాపకాలు రాసే అర్హత నాకూ ఉందనే అనుకుంటున్నాను. కొత్తగా కొలువుల్లో చేరే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదువుకోవచ్చు. పనికొచ్చే సలహా ఇందులో ఒక్కటే ఉంది, అది చింతపండు గురించి.

పాతబస్తీలో మా మ్యూజియం చిన్నది. గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు బాత్రూం కోసం లోపలికి వచ్చి, టికెట్ తీసుకున్నాం కదా అని ఒక చుట్టు తిరిగి వెళ్ళేవారు. లోపల కత్తులు, గడియారాలు, పింగాణీ గిన్నెలు ఉండేవి. వాటికి ఏసీ ఉంది. వెనకాల రేకుల షెడ్డులో ఆవిరి ఫైరింజను ఉండేది. దానికి నేను ఉన్నాను.

పెళ్ళిళ్ళలో పప్పు వండే పెద్ద గుండిగను ఊహించుకోండి. దాన్ని ఇంకా పొడుగ్గా సాగదీసి, నెత్తిన పొగగొట్టం పెట్టి, ముందర ఒక పంపు తగిలించి, నాలుగు కట్టె చక్రాల మీద ఎక్కించండి. అదే మా ఇంజను. ఆవిరి దీన్ని నడిపేది కాదు. బండిని గుర్రాలు లాగేవి, ఆవిరి నీళ్ళు తోడేది. అంటే ఎక్కడో నిప్పు అంటుకుంటే, దాన్ని ఆర్పడానికి వీళ్ళు ముందు ఇక్కడ నిప్పు అంటించుకోవాలి. ఈ మాట చెప్పినప్పుడల్లా సందర్శకులు నేను జోక్ వేస్తున్నానని అనుకునేవారు. నా ముఖం అట్లాంటిది.

గేటు దగ్గరి గార్డన్నకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. ఆయనకు చరిత్ర అంటే ప్రాణం, నిజం అంటే అంత పట్టింపు లేదు. రాజమహల్లో బేగంల స్నానానికి నీళ్ళు కాగబెట్టే యంత్రం ఇదని ఒక స్కూలు పిల్లలందరికీ చెప్పి పంపించాడు. టీచరు కూడా రాసుకుంది. ఎందుకట్లా చెప్తావన్నా అని అడిగితే, ఇంత దూరం వచ్చినోళ్ళను ఉత్త చేతుల్తో పంపుడు మంచిగుండదు తమ్మీ అన్నాడు. ఎదుటి మనిషి సంతోషమే ఆయన డ్యూటీ. ఈ గుణం తర్వాత మన కొంప ముంచుతుంది, గుర్తు పెట్టుకోండి.

నా డ్యూటీ ఇత్తడి తోమడం. ఇంజను మీద మూతలు, గొట్టాలు, మీటరు చుట్టూ పట్టీ, అన్నింటికంటే పైన పిడికెడంత విజిల్, అన్నీ ఇత్తడివే. మొదట్లో డబ్బాలో పాలిష్ ఇచ్చేవారు. అది అయిపోయాక కొత్త డబ్బా కోసం ఇండెంటు పెట్టాను. ఇండెంటు మ్యూజియం చూసుకునే మా మేడమ్ సంతకంతో పై ఆఫీసుకు పోయింది. అక్కడ అదే ఒక పురావస్తువు అయింది. నెల చూశాను, రెండు నెలలు చూశాను. ఇత్తడి నల్లబడుతోంది. ఇంట్లో మా అమ్మ దేవుడి దీపాలు తోమినట్టే ఇదీ తోమితే ఏమవుతుందని, పులుసు పిండాక మిగిలిన చింతపండు పిప్పి, ఇంత ఇటుకపొడి పొట్లం కట్టుకొని వెళ్ళాను. పాత టూత్‌బ్రష్‌తో సందుల్లోకంతా రుద్దాను. ఇంజను పెళ్ళికొడుకులా మెరిసింది.

మేడమ్ చూసి ఏం వాడుతున్నావని అడిగారు. పాలిష్ మేడమ్ అన్నాను. బాగుందన్నారు. రెండేళ్ళు ఆ మెరుపు మీద బతికాను.

పెద్దాయన ఒక గురువారం వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. మెరుపు చూసి మెచ్చుకుంటాడని పక్కనే నిలబడ్డాను. ఆయన మెరుపును చూడలేదు. తల పైకెత్తి విజిల్‌ను చూశాడు.

"కూత పెడ్తదా?" అని అడిగాడు.

నూరేళ్ళ కింది ఇంజను, నీళ్ళు లేవు, నిప్పు లేదు, ఎట్లా పెడుతుందని అన్నాను. ఆయన కుడి చెవి దగ్గర చెయ్యి ఊపి, ఇటు దిక్కు చెప్పు, గా చెవి రిటైరయింది అన్నాడు. ఎడమ వైపు వెళ్ళి మళ్ళీ చెప్పాను.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చాడు. కిషన్‌బాగ్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, ఇంజను పక్కన స్టూలు మీద గంట కూర్చుని పోయేవాడు. ఆయన ఫైర్ సర్వీసులో డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. ముప్పై ఏళ్ళకు పైగా సైరను కింద కూర్చున్న చెవులు. ఆయన తండ్రి మా ఇంజనుకు బొగ్గు వేసేవాడట. మోటారు బండ్లు వచ్చి గుర్రాలు పోయాక కూడా పెద్ద గోదాములు అంటుకుంటే లారీకి కట్టి దీన్నే లాక్కుపోయేవారట, ఎందుకంటే దీని పంపుకున్న జోరు వాటికి లేదు. ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల గోదాం కాలినప్పుడు ఊరంతా దగ్గిందని, మంటలు ఆర్పినవాళ్ళకంటే దగ్గినవాళ్ళే ఎక్కువ అలిసిపోయారని చెప్పేవాడు.

వాళ్ళ ఇల్లు అప్పుడు ఆ గంజ్ వెనక సందులోనే ఉండేది. బండి ఆ సందు మొగదల మీదుగానే పోవాలి, వాపసు రావాలి. పోయేటప్పుడు తండ్రి విజిల్ రెండుసార్లు పొట్టిగా కొట్టేవాడు. వచ్చేటప్పుడు ఒకసారి పొడుగ్గా.

"రెండు పొట్టియి అంటే నా కోసం ఆగకున్రి, తినున్రి అని. పొడుగుది అంటే వచ్చిన, బియ్యం కడుగు అని. అయినా మా అమ్మ గా పొడుగు ఆవాజ్ ఇనే దాక బియ్యం డబ్బ మూత తియ్యకపోయేది. మేము పోరగాండ్లం గడప మీద కూసొని పొడుగుదాని కోసం చూసెటోళ్ళం. ఆకలి మాది, కూత బాపుది."

ఇక్కడ మీరు ఆయన తండ్రి ఏదో ఒక రోజు మంటల్లో పోయాడనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని ముఖం సిద్ధం చేసుకున్నాను. లేదు. సలక్షణంగా రిటైరయ్యి, మనవళ్ళను ఎత్తుకుని, షుగరుతో పోయాడు. జరిగిందల్లా ఇంతే. ఒక రోజు పొద్దున ఆఫీసర్లు ఇంజనును పక్కన పెట్టేశారు. సాయంత్రం తండ్రి కాలినడకన ఇంటికి వచ్చాడు. కూత లేదు కాబట్టి తల్లి బియ్యం కడగలేదు. గడప లోపలికి వచ్చిన మనిషిని చూసి, ఏంది, చప్పుడు లేకుండ వచ్చినవ్ అందట. ఆ రోజు అందరూ ఆలస్యంగా తిన్నారు. అంతకుముందు విన్న పొడుగు కూత ఆఖరిదని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కొంచెం శ్రద్ధగా వినేవాడినని పెద్దాయన అన్నాడు.

నేను ఏదో ఒక జోక్ వేయాలని చూశాను. అందలేదు.

అప్పుడే రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. మా మేడమ్ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసి సాధించిన గాజు గది మంజూరైంది. ఇంజను చుట్టూ నేల నుంచి పైకప్పు దాకా గాజు బిగిస్తారు, తాళం పై ఆఫీసులో ఉంటుంది, ఇక ఎవరూ దాన్ని ముట్టుకోరు. మేడమ్ మంచి ఆఫీసరు. మనుషుల కంటే వస్తువుల పక్షాన ఉండే మనిషి. మనుషులు తమను తాము చూసుకుంటారని ఆమె నమ్మకం.

రెండోది, పెద్దాయన ఎడమ చెవి.

"డాక్టరు నెలల లెక్కనే చెప్పిండు బేటా. సన్నటి ఆవాజులు ముందుగాల పోతయంట. పిట్టలయి ఇప్పటికే వస్తలెవ్వు. ఒక్కసారి గా పొడుగుది ఇంటే చాలు. తర్వాత చెవి నాకు అక్కర లేదు, డాక్టరునే పెట్టుకోమను."

ఆయనకు ఉపాయం కూడా ఉంది. నిప్పు వద్దు, ఆవిరి వద్దు, బాయిలర్ జోలికి పోవద్దు. విజిల్ కింద గొట్టం ఒకటి విప్పి, అక్కడి నుంచి పంచరు దుకాణం గాలి ఎక్కించాలి. అందుకోసం ఇంట్లో కూర్చుని ఒక ఇత్తడి ముక్కకు ట్యూబు వాల్వు అతికించి తెచ్చాడు. తువ్వాలులోంచి తీసి చూపించాడు. అతుకు ఎంత నున్నగా ఉందంటే నా రెండేళ్ళ పాలిష్ సిగ్గుపడింది.

నేను మేడమ్ దగ్గరికి వెళ్ళి, దరఖాస్తు లేకుండా, నిలబడి అడిగాను. ఆమె పురావస్తువులను ఎందుకు పని చేయించకూడదో పది నిమిషాలు చెప్పారు. అన్నీ సరైన కారణాలే. నేను తల ఊపి వెనక్కి తిరిగాక, కాగితాల మీదినుంచి కళ్ళు తీయకుండా అన్నారు, శనివారం పొద్దున గాజువాళ్ళు వస్తారట. శుక్రవారం మనకు సెలవు. ఆ రోజు ఒంటిగంట దాకా ఆమెకు పై ఆఫీసులో మీటింగు. "షెడ్డు తాళం నీ దగ్గరే ఉంటుంది కదా. ఆఖరి సారి దుమ్ము దులిపి పెట్టు."

సర్కారు భాషలో ఇంతకంటే పెద్ద ఆశీర్వాదం ఉండదు.

శుక్రవారం పది గంటలకు పంచరు భాయ్ తన కంప్రెసరును ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. మా గల్లీ మొగదల ఆయన దుకాణం. పెద్దాయన కథ విని, కిరాయి మాట ఎత్తితే గాలి తీసేస్తానని నన్ను బెదిరించాడు. గార్డన్న గేటు మూసి లోపలికి వచ్చాడు. పెద్దాయన కొత్త చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. విజిల్ వినడానికి గడ్డం గీయించుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

గొట్టం బిగించాం. భాయ్ ట్యాంకు నింపాడు. పెద్దాయన స్టూలు ఎక్కబోతే వద్దని ఆపి, నేను ఎక్కి విజిల్‌కున్న మీట పట్టుకున్నాను. ఆయన కింద నిలబడి ఎడమ చెవి పైకి తిప్పి, కళ్ళు మూసుకున్నాడు.

మీట లాగాను.

పుస్సుమని గాలి పక్కనుంచి పోయింది. అంతే. టైరులోంచి మేకు తీస్తే వచ్చేంత చప్పుడు కూడా లేదు. మళ్ళీ లాగాను. మళ్ళీ పుస్సు. ముక్కు దగ్గరే ఉంది కాబట్టి నాకు ఒక వాసన వచ్చింది. పుల్లటి వాసన. ఇంట్లో వంటింటి వాసన.

అప్పుడు అర్థమైంది. విజిల్ మధ్యలో చుట్టూ వెంట్రుకంత సందు ఉంటుంది. కూత అందులోంచే రావాలి. అందులోకి రెండేళ్ళుగా నేను బ్రష్‌తో చింతపండు, ఇటుకపొడి కూరుతున్నాను. పాతకాలం మేస్త్రీలు గోడలు కట్టడానికి ఇట్లాంటి మసాలాలే వాడేవారని గార్డన్న చెప్తుంటాడు. ఆయన చెప్పిన చరిత్రలో ఇదొక్కటి నిజమై ఉండాలి.

పెద్దాయన కళ్ళు తెరిచి, మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు.

"కొట్టిన్రా?" అని అడిగాడు. "మోగిందా?"

నేను నోరు తెరిచేలోపే గార్డన్న ముందుకు వచ్చాడు. ఇంత దూరం వచ్చిన మనిషి, ఉత్త చేతులు, ఆయన గుణం మీకు తెలుసు. పెద్దాయన ఎడమ చెవి దగ్గరికి వంగి, గట్టిగా అన్నాడు. "మస్తు మోగింది తాతా. గల్లీ అంత ఇన్నది."

పెద్దాయన ఎడమ చెవిని మెల్లగా ఒకసారి తడుముకున్నాడు, పోయిన తాళంచెవి కోసం జేబు తడుముకున్నట్టు. తర్వాత నవ్వాడు. "సన్నటియి ముందుగాల పోతయన్నడు గదా" అన్నాడు. మా ముగ్గురికీ చేతులు జోడించాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను స్టూలు మీదే ఉన్నాను. మోగలేదు తాతా అని ఒక్క మాట అనాలి. అంటే ఎందుకు మోగలేదని అడుగుతాడు. అడిగితే చింతపండు చెప్పాలి. గురువారం గురువారం వచ్చి, తన ముందే నేను దాన్ని కూరుతుంటే చూసిన మనిషికి. ఆ ఒక్క మాటకు ఉన్న బరువు చూసి దాన్ని స్టూలు మీదే వదిలేశాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పు చింతపండు కాదు. చింతపండు తెలియక చేశాను.

భాయ్ గొట్టం చుట్ట చుట్టి ట్రాలీలో పెట్టాడు. అప్పుడు అన్నాడు. "మియా, మంచిగున్న చెవిని మీరిద్దరు కల్సి చెవిటిది చేసిన్రు. డాక్టరుకు గూడ నెలలు పడ్తయ్."

గార్డన్న గేటు దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేను మంచికే అన్న తమ్మీ అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. ఎవరూ అడగకుండానే.

నా చేతిలో స్పానరు ఉంది. విజిల్ మరలతో బిగించి ఉంది. మూడు చుట్లు తిప్పితే చేతిలోకి వచ్చేసింది. దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా పురావస్తువును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గేటు వైపు నడిచి ఉంటే ఆ ఇరవై అడుగులు ఎంత పొడుగో తెలుస్తుంది. దొరికితే ఉద్యోగం పోవడం చిన్న సంగతి, పోలీసు కేసు పెద్ద సంగతి. రూలు ప్రకారం గార్డన్న డబ్బా తెరవమన్నాడు. తెరిచాను. చూశాడు. మూత తనే పెట్టాడు. రిజిస్టరులో 'టిఫిన్' అని రాశాడు. ఆయన రాసిన అబద్ధాల్లోకెల్లా చిన్నది, అందమైనది అదే.

భాయ్ దుకాణం పక్కనే టీ హోటలు. మోటారు పార్టు అని చెప్పి, ఒక గిన్నెలో మరిగే నీళ్ళు అడిగి విజిల్‌ను అందులో వేశాం. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకాసేపటికి చారు వాసన వచ్చింది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. ఇవాళ భోజనాలు కూడా ఉన్నాయా అని ఒకాయన అడిగాడు. సన్న తీగతో సందు చుట్టూ గీకాను. నీళ్ళు మార్చాం, మళ్ళీ గీకాను. అది ఆవిరి తాగే వస్తువు కదా, ఇంజను బతికి ఉంటే ఏ రోజుకారోజు తన గొంతు తనే కడుక్కునేది. పక్కన పెట్టినందువల్ల నా చేతికి చిక్కింది.

మూడున్నరకు దుకాణంలో గాలి పెట్టి చూశాం. పీక్ మంది. కోడిపిల్లలాగా. భాయ్ మళ్ళీ ట్యాంకు నింపాడు. నింపితే ఒక్క కూతకు సరిపోతుంది, రెండో దానికి మళ్ళీ కరెంటు కావాలన్నాడు. షట్టరు సగం దించి, కంప్రెసరు ట్రాలీ ఆటోలో ఎక్కించి, నన్ను దాని పక్కన ఎక్కించాడు. విజిల్ ఒళ్ళో పెట్టుకున్నాక ఇద్దరం కిషన్‌బాగ్ బయల్దేరాం. బహదూర్‌పుర దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఒక పక్క పాల క్యాన్ల బండి, ఇంకో పక్క పరుపుల బండి, నూరేళ్ళ కింది ఫైరింజను విజిల్ మధ్యలో కూర్చుని దారి కోసం ఎదురుచూసింది. ఎవరూ దారి ఇవ్వలేదు.

ఆయన ఇల్లు ఒక సన్న సందులో ఉంది. ట్రాలీ లోపలికి పోదు. సందు మొగదలే ఆపాం. వెళ్ళి తలుపు కొట్టి, తాతా జర బయటికి రా అని పిలవాలనేది నా ఆలోచన. భాయ్ వద్దన్నాడు. ఆయన తండ్రి ఎప్పుడన్నా తలుపు కొట్టిండా అన్నాడు.

సందు మొగదల్నే, ట్రాలీ మీద నిలబడి, మీట లాగాను.

ఆ చప్పుడు ఎట్లా ఉందో రాయడానికి చాలాసార్లు ప్రయత్నించాను. గొప్పగా రాద్దామంటే, నిజానికి అది గొప్పగా లేదు. జలుబు చేసిన మనిషి ఎవరినో దూరం నుంచి పిలుస్తున్నట్టు ఉంది. కానీ పొడుగ్గా ఉంది. గాలి అయిపోయే దాకా మీట వదలలేదు. ఒక ఇంటి మీద పావురాలు లేచాయి. ఒకాయన స్కూటరు ఆపి పక్కకు జరిగాడు. ఆ రోజు మాకు దారి ఇచ్చిన ఒకే ఒక్క మనిషి ఆయనే.

సందు చివర తలుపు తెరుచుకుంది. పెద్దాయన బనియను మీద బయటికి వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు. మమ్మల్ని చూశాడు, విజిల్‌ను చూశాడు. దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి కదా. నేను దిగి, ఎడమ చెవి దగ్గరికి వెళ్ళి, పొద్దున అనాల్సిన మాట అప్పుడు అన్నాను.

"పొద్దుగాల మోగలే తాతా. నీ చెవి తప్పు కాదు. చింతపండు వెట్టి తోమి నేనే దాని నోరు మూసిన. చెప్పనీకె భయమయింది."

ఆయన నా చేతిలోంచి విజిల్ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు.

"గొంతు మారింది" అన్నాడు. "బాపుది ఇంత మొద్దుగ లేకుండె. సన్నగ, పై నుంచి వచ్చేది."

ఆవిరికి బదులు గాలి పెడితే గొంతు దిగుతుందని భాయ్ అన్నాడు. కావచ్చు. ఆయన చెవిలో సన్నటివి పోయి మొద్దువే మిగిలాయేమో, అదీ కావచ్చు. ఏది నిజమో నేను అడగలేదు. ఆయనా అడగలేదు. విజిల్‌ను తువ్వాలుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ ఒకసారి కొట్టమంటాడేమోనని నాకు భయం వేసింది, ట్యాంకు ఖాళీ. ఆయన అడగలేదు.

అప్పుడు ఇంటి లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ఆ ఇంట్లో యాభై ఏళ్ళుగా ఈ కథ వింటూ వచ్చిన ముసలామె. బయటికి కూడా రాలేదు.

"బియ్యం కడిగిన. ఎంతమందో చెప్పున్రి" అని అరిచింది.

పెద్దాయన అక్కడే, సందు మధ్యలో, ట్రాలీ అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. భాయ్ వెళ్ళి కంప్రెసరు తాడు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అది సర్దే ఉంది. నేను గట్టిగా, ముగ్గురం అవ్వా అన్నాను. ఎవరో ఒకరు లెక్క చెప్పాలి కదా.

అన్నం, పప్పు, పచ్చడి తిన్నాం. పప్పులో చింతపండు వేయలేదు. టమాట వేసింది.

శనివారం ఎనిమిదిన్నరకే వెళ్ళినా గాజువాళ్ళు అప్పటికే వచ్చేశారు. దుమ్ము దులుపుతున్నట్టు పైకెక్కి, మూడు చుట్లు తిప్పి విజిల్ బిగించాను. తొందరలో ఎక్కడ పట్టుకుందో అక్కడ వదిలేశాను. కిందికి దిగి చూస్తే మీట ముందువైపుకు బదులు వెనక గోడ వైపు తిరిగి ఉంది. సరిచేసే లోపే మొదటి గాజు పలక అడ్డం వచ్చింది. గోడ అవతల టాయిలెట్లు ఉన్నాయి. కాబట్టి అది ఏ దిక్కుకు చూస్తోందని నన్ను అడిగితే గొప్ప సమాధానం ఏమీ చెప్పలేను.

మేడమ్ నన్ను దాని గురించి ఒక్కసారే అడిగారు. ఏడాది తర్వాత, నా ఆఖరి రోజున, ఐడీ కార్డు వాపసు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. పాత ఫొటోల్లో విజిల్ మీట ముందువైపు ఉందని అన్నారు. అవును మేడమ్ అన్నాను. గాజు తాళం పై ఆఫీసులో ఉంది, తెరవాలంటే ఫైలు పెట్టాలి అన్నారు. అవును మేడమ్ అన్నాను. కార్డు తీసుకుని సొరుగులో వేశారు. "ఉండనీ" అన్నారు. అదే నా శాలువా.

ఇప్పుడు నేను పార్సిళ్ళు పంచుతున్నాను. రెండుసార్లు టికెట్ కొనుక్కుని మ్యూజియానికి వెళ్ళాను. గాజు వెనక ఇంజను మసకబారింది. గాజు మీద చెయ్యి పెడితే కొత్త గార్డు ఈల వేశాడు. తోముదామని చేతులు దురద పెడతాయి. తోమనివ్వరు, ఆ విషయంలో వాళ్ళదే న్యాయం.

పెద్దాయన ఉన్నాడు. పోయాడని రాస్తే కథకు బాగుండేది, కానీ ఉన్నాడు, చక్కగా తింటున్నాడు. ఎడమ చెవి మాత్రం డాక్టరు చెప్పిన నెలల్లోనే పోయింది. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే అరచేతిలో వేలితో రాయాలి.

నా రూటు కిషన్‌బాగ్ మీదుగానే ఉంది. ఆ సందు మొగదల బండి ఆపకుండానే హారన్ కొడతాను. ఆయనకు వినబడదు. లోపల ఆమెకు వినబడుతుంది. పొడుగ్గా కొడితే బియ్యం డబ్బా మూత తీస్తుంది, ఎన్నిసార్లు వెళ్ళినా తీసింది. కానీ పార్సిళ్ళు చాలా ఉంటాయి, ఫోనులో టైము ఎర్రగా మెరుస్తుంటుంది. అందుకని ఎక్కువ రోజులు రెండు పొట్టివే కొట్టి వెళ్ళిపోతాను. నా కోసం ఆగకండి, తినండి అని.

పొడుగుది కొట్టి చాలా రోజులైంది.